డిక్కీలో ఒకటే దబ్ దబ్: సబ్ మార్చాలా, బాక్స్ మార్చాలా?

హంద్రీ_వాసి (కర్నూలు)
అన్నలూ, కాస్త దారి చూపండి. నాది డిజైర్ కారు. పోయిన నెల ఒక షాపులో 12 అంగుళాల సబ్ (కింది బేస్ పలికే స్పీకర్), రెడీమేడ్ పోర్టెడ్ బాక్స్ (గాలి గొట్టం ఉన్నది), మోనో యాంప్ కలిపి పెట్టించుకున్నాను. షాపు ముందు విన్నప్పుడు గుండె అదిరింది. ఇంటికొచ్చి నాలుగు రోజులు విన్నాక అసలు సంగతి తెలిసింది. ఏ పాట పెట్టినా ఒకటే స్వరం, దబ్ దబ్ దబ్. బేస్ గిటార్ పైకి పోయినా కిందికి దిగినా తేడా లేదు. బాగా కింది బేస్ ఉన్న పాటల్లో శబ్దం రాదు గానీ కోన్ (స్పీకర్ ముందు ఊగే పొర) మాత్రం పిచ్చెక్కినట్టు ఊగుతుంది. షాపాయనను అడిగితే "ఈ సబ్ చిన్నది, 15 అంగుళాలది పెట్టు" అంటాడు. బాక్స్ మీద స్టిక్కర్ 3500 వాట్స్ అని ఉంది. ఇంకెంత పెట్టాలి?

బురుజు_బేస్ (కర్నూలు)
తమ్ముడూ, యాంప్‌లో బేస్ బూస్ట్ ఫుల్ పెట్టు. అన్నీ సర్దుకుంటాయి.

పాతరేడియో (అనంతపురం)
బూస్ట్ ముట్టుకోవద్దు నాయనా, సున్నాలో పెట్టు. నువ్వు చెప్పిన లక్షణాలు సబ్‌వి కావు, బాక్స్‌వి. ముందు టేపు తీసుకుని నాలుగు కొలతలు రాయి: బాక్స్ బయటి పొడవు, ఎత్తు, లోతు, బోర్డు మందం. పోర్ట్ గొట్టం లోపలి వ్యాసం, పొడవు. సబ్‌తో ఒక కాగితం వచ్చి ఉంటుంది, దాని మీద ఎఫ్ఎస్ (సబ్ తనంతట తాను ఊగే హెర్ట్జ్), క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా ఆగుతుందో చెప్పే అంకె), వీఏఎస్ (కోన్ బిగువుకు సమానమైన గాలి, లీటర్లలో) అని ఉంటాయి. అవి కూడా. 3500 వాట్స్ స్టిక్కర్ పీకి చెత్తబుట్టలో వెయ్యి. దాని మీద ఆర్ఎంఎస్ (నిలకడగా ఓర్చుకునే వాట్లు) అని లేకపోతే ఆ అంకె దేనికీ పనికిరాదు.

హంద్రీ_వాసి
కొలిచాను సార్. బయట 56 × 36 × 32 సెం.మీ. బోర్డు 12 మి.మీ., అంచు దగ్గర గోకితే పొట్టు రాలుతోంది, పార్టికల్ బోర్డు అనుకుంటా. పోర్ట్ మామూలు 110 మి.మీ. పీవీసీ పైపు ముక్క, లోపల 10.4 సెం.మీ. వ్యాసం, 15 సెం.మీ. పొడవు. కాగితం దొరికింది: ఎఫ్ఎస్ 31, క్యూటీఎస్ 0.46, క్యూఈఎస్ (క్యూటీఎస్‌లో కాయిల్, మ్యాగ్నెట్ వాటా) 0.50, వీఏఎస్ 55 లీటర్లు, ఎక్స్‌మ్యాక్స్ (కోన్ ఒకవైపు కదలగలిగే దూరం) 12 మి.మీ., ఆర్ఎంఎస్ 500. రెండు కాయిల్స్, ఒక్కోటి 4 ఓమ్‌లు.

లెక్కల_టీచర్ (అనంతపురం)
నాకు కారు లేదు, మా అబ్బాయికి ఉంది, అందుకే ఈ గుంపులో ఉన్నాను. లెక్క మాత్రం నేను చేస్తాను.

బాక్స్ లోపల 53.6 × 33.6 × 29.6, అంటే 53 లీటర్లు. సబ్ వెనుక భాగానికి 3 లీటర్లు, పైపుకు లీటరు పైన తీసేస్తే నికరంగా 49. ఇక పోర్ట్ పొడవుకు వాడే సూత్రం ఇది: 23562ను వ్యాసం వర్గంతో, పోర్టుల సంఖ్యతో గుణించి, ట్యూనింగ్ (పోర్ట్ గాలి పలికే స్వరం) హెర్ట్జ్ వర్గాన్ని లీటర్లతో గుణించగా వచ్చినదానితో భాగించాలి. వచ్చినదాంట్లోంచి వ్యాసానికి 0.732 రెట్లు తీసేస్తే పొడవు. కొలతలన్నీ సెం.మీ.లో. ఆ తీసేసే ముక్క ఎందుకంటే, పైపు చివర దాటాక కూడా కాస్త గాలి పైపులో ఉన్నట్టే కదులుతుంది.

దాన్ని తిరగేసి చేస్తే మీ బాక్స్ ట్యూనింగ్ 48 హెర్ట్జ్ వచ్చింది. నాలుగు తీగల బేస్ గిటార్ అట్టడుగు స్వరమే 41 హెర్ట్జ్. అయిదు తీగలదైతే 31 దాకా దిగుతుంది. మీ బాక్స్ 48 దగ్గరే తలుపు వేసేసుకుంటోంది.

హంద్రీ_వాసి
మేడం, నాకు లెక్క అర్థమైంది గానీ విషయం అర్థం కాలేదు. 48 అయితే 48 దగ్గర గట్టిగా రావాలి, సరే. కింద ఎందుకు ఊగుతుంది?

పాతరేడియో
ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒక స్వరం పలుకుతుంది కదా. మెడలో ఉన్న గాలి ఒక బరువు, పొట్టలో ఉన్న గాలి ఒక స్ప్రింగు. బరువు స్ప్రింగు మీద ఊగుతుంది. పోర్టెడ్ బాక్స్ సరిగ్గా అదే. ట్యూనింగ్ దగ్గర ఆ గాలి బరువు కోన్‌కు ఎదురొత్తిడి ఇస్తుంది. అప్పుడు కోన్ దాదాపు కదలదు, శబ్దమంతా పోర్ట్ నుంచే వస్తుంది. ట్యూనింగ్ దాటి కిందికి పోయావంటే ఆ ఎదురొత్తిడి పోతుంది. కోన్‌కు బాక్స్ ఉన్నా లేనట్టే. ముందు నుంచి వచ్చే గాలిని పోర్ట్ నుంచి వచ్చే గాలి కొట్టేస్తుంది, కాబట్టి ఊపు ఎక్కువ, శబ్దం తక్కువ. నీ సబ్ ఇప్పుడు 35 హెర్ట్జ్ పాటకు గాలిలో వేలాడుతోంది. అట్లాగే ఫుల్ సౌండ్‌లో నడిపావంటే ఒకరోజు కాయిల్ వెనుక ప్లేటుకు టక్కుమని తగులుతుంది.

మూసిన బాక్స్‌లో ఈ గొడవ ఉండదు. కింది స్వరాలు నెమ్మదిగా తగ్గుతాయి, ఆక్టేవ్ అంటే హెర్ట్జ్ సగమయ్యే మెట్టు, ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్. పోర్టెడ్‌లో ట్యూనింగ్ కింద 24 చొప్పున పడిపోతుంది. పోర్ట్ ఇచ్చేదానికి అది వసూలు చేసే అద్దె.

గుత్తి_గేటు (అనంతపురం జిల్లా)
మూసిన బాక్స్ కొట్టించుకుని హాయిగా ఉండక ఈ తిప్పలన్నీ ఎందుకప్పా?

పాతరేడియో
అదీ తప్పు కాదు. క్యూఈఎస్‌తో ఎఫ్ఎస్‌ను భాగిస్తే ఇతని సబ్‌కు 62 వస్తుంది. 50 లోపు వస్తే మూసిన బాక్స్, 100 దరిదాపుల్లో అయితే పోర్టెడ్ అని మోటు లెక్క ఒకటుంది. 62 అంటే రెండింటికీ ఒప్పుకుంటుంది. కానీ సెడాన్ డిక్కీ, వెనుక సీటు మడవదు, 500 వాట్ల యాంప్. పోర్ట్ అయితే అదే యాంప్‌తో కింది బేస్ ఇంకాస్త చేతికొస్తుంది. అబ్బాయికి ఏది ఇష్టమో చెప్పనీ.

హంద్రీ_వాసి
పోర్టెడే కావాలి సార్. దబ్ దబ్ కాకుండా పాట వినబడాలి.

బురుజు_బేస్
సరే, నా బూస్ట్ మాట వెనక్కి తీసుకున్నా. కానీ పోర్ట్ పెద్దది చేస్తే లోతైన బేస్ వస్తుంది, అది మాత్రం నిజం. 110కి బదులు 160 పైపు వెయ్యి.

లెక్కల_టీచర్
రాదండీ, తిరగబడుతుంది. వెడల్పు మూతి సీసా ఊదండి, సన్న మూతి సీసా ఊదండి. వెడల్పుదే హెచ్చు స్వరం పలుకుతుంది. పొడవు మార్చకుండా లావు పైపు వేస్తే ట్యూనింగ్ పైకి పోతుంది. దాన్ని కిందికి దించాలంటే పైపు ఇంకా పొడవు పెంచాలి. 50 లీటర్లు, 33 హెర్ట్జ్ అనుకుంటే: 110 పైపు ఒకటైతే 39 సెం.మీ. చాలు. అవే రెండు వేస్తే ఒక్కోటి 86 సెం.మీ. 160 పైపు ఒకటి, లోపల 15 ఉందనుకుంటే, అదీ 86 పైనే. ఆ బాక్స్‌లో 86 సెం.మీ. పైపు ఎక్కడ పెడతారు?

బురుజు_బేస్
అబ్బో. అయితే సన్నదే పెట్టమనండి, గొడవ వదిలిపోతుంది.

పాతరేడియో
సన్నదైతే ఇంకో గొడవ. గాలి అంత ఇరుకులోంచి వేగంగా పోతే ఉస్సు ఉస్సుమని ఈల వేస్తుంది. పోర్ట్‌లో గాలి వేగం సెకనుకు 17 మీటర్ల లోపు ఉంటే మంచిది, అంచులు గుండ్రంగా తీస్తే 25 దాకా ఓర్చుకోవచ్చు. మోటు లెక్క కావాలంటే నికర లీటరుకు సుమారు 3 చదరపు సెం.మీ. పోర్ట్ నోరు ఉండాలి. 110 పైపు నోరు 85 చదరపు సెం.మీ. 50 లీటర్లకు కావాల్సినదాంట్లో అది సగం కన్నా కొంచెం ఎక్కువ, అంతే.

ఈ డిజైనంతా ఈ గుంజులాటే. నోరు పెద్దది కావాలి, అప్పుడు పొడవు పెరగాలి. పొడవు పెరిగితే పోర్టే బాక్స్‌లో చోటు తినేస్తుంది, బాక్స్ పెంచాలి. బాక్స్ పెంచితే డిక్కీలో సూట్‌కేసుకు చోటుండదు.

హంద్రీ వాసీ, కొత్త బాక్స్‌కు చెక్క కొనకముందు ఒక చవక పని చెయ్యి. ఉన్న బాక్స్‌లోనే పైపు మార్చు. వీధి చివర పైపుల షాపులో 110 పైపు, ఒక బెండు తీసుకో. మధ్య గీత వెంబడి మొత్తం 34 సెం.మీ. వచ్చేట్టు కొయ్యి. పొడవైన పైపు తినే చోటు కూడా తీసేస్తే ట్యూనింగ్ 36 దగ్గరికి వస్తుంది. పైపు లోపలి కొస ఏ గోడకూ ఆనకూడదు, కనీసం పైపు వ్యాసమంత ఖాళీ వదులు. ఫుల్ సౌండ్ వద్దు, సగంలో విను. ఆ తర్వాత మాట్లాడదాం.

హంద్రీ_వాసి
(మూడు రోజుల తర్వాత)
సార్, చేశాను. నమ్మలేకపోతున్నా. అదే సబ్, అదే యాంప్. ఇప్పుడు బేస్ గిటార్ మెట్లు దిగుతున్నట్టు వినబడుతోంది. నంద్యాల చెక్‌పోస్టు నుంచి ఓర్వకల్లు దాకా పోయి వచ్చాను, పాటలన్నీ మళ్ళీ మొదటి నుంచి విన్నా. కానీ మీరన్నట్టే, కాస్త సౌండ్ పెంచితే పైపు బుసకొడుతోంది. బోర్డు కూడా వణుకుతోంది, చెయ్యి పెడితే తెలుస్తోంది. కొత్త బాక్స్ కట్టాల్సిందే. కట్టిద్దామా, నేనే కట్టుకోనా?

మూలమట్టం (కడప)
నేను ఫర్నిచర్ పని చేస్తాను, సబ్ బాక్సులు పది పన్నెండు కట్టి ఉంటాను. నువ్వే కట్టుకో, కోతలు మాత్రం ప్లైవుడ్ షాపులో ప్యానెల్ మెషీన్ మీద కోయించు. చేతి రంపంతో, జిగ్‌సాతో నిటారు కోత రాదు, సందుల్లోంచి గాలి కారుతుంది. 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క నార నొక్కి చేసిన బోర్డు) తీసుకో. ప్లైవుడ్ బరువు తక్కువ, తడికి ఓర్చుకుంటుంది, కానీ చవక ప్లైలో లోపల పొరల మధ్య బొక్కలుంటాయి, అవి గరగరమంటాయి. మంచి ప్లై అయితే ఎండీఎఫ్ కన్నా నాకు అదే ఇష్టం, ధర చూసుకో.

గుత్తి_గేటు
కడప వాడివై ఉండి ఎండీఎఫ్ అంటావేమప్పా? కడప బండతో కట్టు, జన్మలో వణకదు. లేదంటే బేతంచెర్ల బండ, అది మా హంద్రీ వాసికి ఇంకా దగ్గర.

మూలమట్టం
నవ్వొచ్చింది గానీ లెక్క వేశాను. కొత్త బాక్స్‌కు పలకలు సుమారు 1.27 చదరపు మీటర్లు. 20 మి.మీ. బండ అయితే 68 కేజీలు దాటుతుంది, ఎండీఎఫ్ 17. మా ఊళ్లో బండ మెట్లకూ వంటగట్టుకూ బాగుంటుంది. డిక్కీలో పెడితే వెనుక టైర్లు ఏడుస్తాయి.

బురుజు_బేస్
ట్యూనింగ్ 40 పెట్టండి. తీన్‌మార్ బీట్ 40-50 మధ్య అదిరిపోతుంది. 33 పెడితే దెబ్బ తగ్గుతుంది.

లెక్కల_టీచర్
మీరు చెప్పేది పందేల్లో మీటర్ మీద అంకె కోసం అయితే నిజమే కావచ్చు. ఆయన అడిగింది పాట.

బురుజు_బేస్
మేడం, డప్పు కూడా పాటే.

పాతరేడియో
ఇద్దరి మాటా వింటాను. డప్పు దెబ్బలో ఒంటికి తగిలేది చాలావరకు 60 పైన, అది 33 బాక్స్‌లోనూ వస్తుంది. 40కి ట్యూన్ చేసి 35 హెర్ట్జ్ పాట పెట్టావంటే మళ్ళీ కోన్ వేలాడుతుంది, నువ్వు బయల్దేరిన చోటికే వస్తావు. కారులో ఇంకో సంగతి ఉంది. లోపలి చోటు చిన్నది, అద్దాలు మూసి ఉంటాయి. బాగా కింది స్వరాలను కారే ఎత్తి ఇస్తుంది. ఇంట్లో పలచగా వినబడే బాక్స్ కారులో నిండుగా వినబడేది అందుకే. నేనైతే ఈ సబ్‌కు 50 లీటర్ల చుట్టూ, 32-33 దగ్గర ఆపుతాను. 30 కన్నా దించను, అప్పుడు మధ్య బేస్ చప్పగా ఉంటుంది. కంప్యూటర్ ఉంటే విన్ఐఎస్‌డీ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. నీ కాగితం మీది అంకెలు అందులో కొట్టి, బాక్స్ మార్చి మార్చి గీత ఎట్లా వంగుతుందో చూడు. మేము నేర్చుకునే రోజుల్లో ఇవన్నీ క్యాలిక్యులేటర్ మీద, గ్రాఫ్ కాగితం మీద.

ఆ కాగితం మీది అంకెలు ఎక్కడ నుంచి వచ్చాయో కూడా చెబుతాను, ఊరికే. గొట్టం పెట్టిన బాక్స్‌కు అమెరికాలో థురాస్ అనే ఇంజనీరు 1930లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టాడు, 1932లో వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు అందరూ చెవితో, అదృష్టంతో కట్టారు. 1961లో ఆస్ట్రేలియాలో థీల్ దానికి సరైన లెక్క కట్టాడు, 70ల మొదట్లో స్మాల్ దాన్ని పూర్తి చేశాడు. అందుకే వాటిని థీల్-స్మాల్ అంకెలు అంటారు. మీ షాపాయన ఇంకా 1961కి ముందే ఉన్నాడు.

సి_క్యాంప్_కారు (కర్నూలు)
సార్, ఆ చివరి మాటకు నమస్కారం.

లెక్కల_టీచర్
సరే, పైపు కాకుండా చీలిక పోర్ట్ పెడదాం. లోపల ఎత్తు 32 సెం.మీ. అనుకుంటే, 5 సెం.మీ. వెడల్పు చీలిక పూర్తి ఎత్తున వదిలితే నోరు 160 చదరపు సెం.మీ. లీటరుకు 3 లెక్క సరిపోయింది. అంతే నోరున్న గుండ్రటి గొట్టం వ్యాసం 14.3. 50 లీటర్లు, 33 హెర్ట్జ్‌కు సూత్రంలో వేస్తే పొడవు 78 సెం.మీ. దాన్ని ఎల్ ఆకారంలో మడిస్తే సరిపోతుంది.

లోపల 60 × 32 × 37.5, అంటే సరిగ్గా 72 లీటర్లు. అందులో పోర్ట్ గాలి 12, పోర్ట్ పలకల చెక్క 4, సబ్ 3, మధ్య ఆనపు కర్ర ఒక లీటరు లోపు. మిగిలింది 52. ట్యూనింగ్ 32 పైచిలుకు. బయట 63.6 × 35.6 × 41.1 వస్తుంది. చూశారుగా, 52 లీటర్ల బాక్స్ కోసం 72 లీటర్లు కట్టాలి. ఇదే చాలామంది మరిచిపోతారు. మా అబ్బాయి కూడా మొదటిసారి మరిచిపోయాడు, ఆ బాక్స్ ఇప్పుడు మేడ మీద పూలకుండీకి పీట.

మూలమట్టం
మేడం కొలతలకు కోత చెబుతాను, రాసుకో తమ్ముడూ. పైన, కింద పలకలు 63.6 × 41.1 రెండు. వెనుక 63.6 × 32. పక్కలు 37.5 × 32 రెండు. ముందు పలకకు ఒక కొసన పక్క పలక పక్కనే 5 సెం.మీ. చీలిక వదలాలి. పోర్ట్ లోపలి పలకలు రెండు: ముందు నుంచి వెనక్కి పోయేది 32.5 × 32, దానికి అడ్డంగా వెనుక గోడకు సమాంతరంగా పోయేది 36.6 × 32. వెనుక గోడకూ దీనికీ మధ్య కూడా అదే 5 సెం.మీ. సందు. మూల దగ్గర ఇరుకైతే అంతా పాడు. సగం షీట్ దాటి కాస్త అవుతుంది, మిగతాది దాచుకో, పనికొస్తుంది.

కోయించే ముందు డిక్కీ మూతి కొలువు. లోపల కొలిచి కట్టి, మూతిలో దూరక ఇంటి ముందు నిలబడిన వాళ్లను చూశాను. డిక్కీ లోపల ఎంత ఉన్నా మూతి దాటాలి కదా.

ఎండీఎఫ్ అంచులో మేకు కొడితే చీలుతుంది. ముందు 3 మి.మీ. బొక్క వేసి తర్వాత స్క్రూ. 15 సెం.మీ.కి ఒకటి. ఫెవికాల్ ధారాళంగా పెట్టు, అంచు నుంచి పిండినట్టు బయటికి రావాలి. ఆరాక లోపలి మూలలన్నీ సిలికాన్‌తో వేలు పెట్టి రుద్దు. సిలికాన్ వాసన పోయేదాకా, ఒక రోజన్నా, సబ్ బిగించవద్దు. ఆ ఆవిరి కోన్ జిగురుకు మంచిది కాదంటారు, మనకెందుకు రిస్కు. మూలమట్టం పెట్టి చూడకుండా ఏ పలకా బిగించవద్దు. నా పేరు ఊరికే పెట్టుకోలేదు.

పాతరేడియో
ఇంకో మాట. పై పలకకు ఇప్పుడే ఫెవికాల్ పెట్టొద్దు. అంచుకు స్పాంజ్ టేపు వేసి స్క్రూలతో మాత్రం బిగించు. ట్యూనింగ్ కొలిచి, తేడా ఉంటే లోపలి పలక కోసుకోవచ్చు. అంతా అయ్యాక అంటించు.

హంద్రీ_వాసి
కొలవడం ఎట్లా సార్? నా దగ్గర మల్టీమీటర్ ఒక్కటే ఉంది.

పాతరేడియో
అది చాలు. సబ్‌కు వరసలో 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టు. ఫోన్‌లో సైన్ టోన్ యాప్ దించుకుని, తక్కువ సౌండ్‌లో 15 నుంచి 60 హెర్ట్జ్ దాకా ఒక్కో హెర్ట్జ్ పెంచుతూ సబ్ రెండు కొసల మధ్య ఏసీ వోల్టేజీ రాసుకో. రెండు గుట్టలు, మధ్యలో ఒక పల్లం కనబడుతుంది. ఆ పల్లం ఎక్కడుందో అదే నీ బాక్స్ ట్యూనింగ్. గీత గీసుకుంటే ఇంకా స్పష్టం.

కళ్లతో చూడాలంటే రెసిస్టర్ తీసేసి, బాక్స్ వెల్లకిలా పడుకోబెట్టి కోన్ మీద నాలుగు బియ్యపు గింజలు వెయ్యి. టోన్ మారుస్తూ పో. గింజలు ఎగురుతూ ఎగురుతూ ఒకచోట నెమ్మదిస్తాయి. అక్కడ పోర్ట్ దగ్గర చెయ్యి పెడితే గాలి కొడుతుంది. తర్వాత గింజలు ఏరెయ్యి, లోపల పడితే జన్మంతా గరగర.

కారుతున్న సందులకు అగరుబత్తి వెలిగించి కీళ్ల పక్కన తిప్పు. పొగ వణికిన చోట సందు ఉన్నట్టు.

సి_క్యాంప్_కారు
వైరు సంగతి ఎవరూ మాట్లాడలేదు. 500 వాట్ల క్లాస్ డి యాంప్ ఫుల్‌గా లాగితే 45 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. షాపులో ఏ వైరు వేశారో చూడు తమ్ముడూ. పైన రంగు లావుగా, లోపల తీగ సన్నగా ఉండేవి చాలా వేస్తారు. కొస కత్తితో గీకు, లోపల తెల్లగా వస్తే రాగి కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. పూర్తి రాగి 4 గేజ్ వేయించు. బ్యాటరీకి మూరెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి, యాంప్ పక్కన ఉండే ఫ్యూజు దీనికి బదులు కాదు. వైరు బాడీకి రాసుకుని షార్ట్ అయితే కాలేది కారు.

హంద్రీ_వాసి
చూశానన్నా. గీకితే తెల్లగానే వచ్చింది. ఫ్యూజు బ్యాటరీ దగ్గర అసలు లేనే లేదు. రాత్రి నిద్ర పట్టలేదు, టెన్షన్‌తో పోయి బ్యాటరీ దగ్గర వైరు పీకేసి వచ్చాను.

గుత్తి_గేటు
ఇప్పటిదాకా జరిగిన చర్చలో పనికొచ్చే పని ఇదొక్కటే.

హంద్రీ_వాసి
(పన్నెండు రోజుల తర్వాత)
కట్టాను. రాగి వైరు, 60 ఆంపియర్ల ఫ్యూజు వేశాను. పై పలక ఇంకా స్క్రూల మీదే ఉంది. నిన్న రాత్రి అమ్మ బియ్యం డబ్బాలోంచి గింజలు తీస్తుంటే "పాటలకు కూడా అన్నం పెడుతున్నావా" అంది. కొలిచాను, గీత గీశాను. పల్లం 31 దగ్గర వచ్చింది. మేడం లెక్క ప్రకారం 32 పైన రావాలి కదా? ఎక్కడ తప్పు చేశాను?

లెక్కల_టీచర్
తప్పు మీది కాదు, సూత్రానిది. అది విడిగా నిలబడిన గుండ్రటి గొట్టానికి కట్టిన లెక్క. చీలిక పోర్ట్ లోపలి కొస బాక్స్ గోడల పక్కనే ఉంటుంది కాబట్టి గాలికి ఆ గోడ కూడా పోర్ట్ లాగే పనిచేస్తుంది. అందుకే రాసిన పొడవు కన్నా పొడవుగా ప్రవర్తిస్తుంది. హెర్ట్జో రెండో కిందికి దిగడం మామూలే. 32 కావాలంటే లోపలి పలక కొస నుంచి కొన్ని సెం.మీ. కోయవచ్చు.

పాతరేడియో
కోయొద్దు. వదిలెయ్. ఒక హెర్ట్జ్ కోసం రంపం పట్టుకోకు. యాంప్‌లో సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది స్వరాలు ఆపేది) ఉంటే 26 దగ్గర పెట్టు, లో పాస్ (పై స్వరాలు ఆపేది) 80, బూస్ట్ సున్నా. కాయిల్స్ రెండూ పారలల్ కలిపితే 2 ఓమ్‌లు, నీ యాంప్ 2 ఓమ్‌లకు ఒప్పుకుంటుందో లేదో దాని పుస్తకంలో చూసుకో. గెయిన్ (యాంప్ ఎంత పెంచాలో తిప్పే మీట) చెవితో పెట్టవద్దు. సబ్ వైరు ఊడదీసి, స్టీరియో సౌండ్ మూడు వంతులు పెట్టి, 40 హెర్ట్జ్ టోన్ వేసి, యాంప్ కొసల మధ్య మీటర్ పెట్టు. 500ను 2తో గుణించి వర్గమూలం తీస్తే 31.6. మీటర్ 31 చూపించిన చోట గెయిన్ ఆపెయ్. అక్కడి నుంచి ముట్టుకోకు.

బురుజు_బేస్
కొంచెం ముట్టుకోవచ్చు.

పాతరేడియో
వద్దన్నానా.

హంద్రీ_వాసి
(మరుసటి ఆదివారం)
అంటించేశాను, నల్ల కార్పెట్ చుట్టాను. బాక్స్ నోరు, సబ్ రెండూ డిక్కీ తలుపు వైపు పెట్టాను, పోర్ట్ ముందు ఒక జానెడు ఖాళీ ఉంది. అటూ ఇటూ తిప్పి చూశాను, సీటు వైపు తిప్పితే బేస్ తగ్గింది. ఎందుకో ఇంకా అర్థం కాలేదు గానీ చెవి చెప్పింది విన్నాను. నిన్న మా నాన్నను ఎక్కించుకుని తుంగభద్ర బ్రిడ్జి దాటి అలంపూర్ దాకా పోయాం. ఆయన ఏమీ అనలేదు, సౌండ్ తగ్గించమని కూడా అనలేదు. ఈలా లేదు, ఊపూ లేదు. కానీ ఇప్పుడు కొత్త శబ్దం ఒకటి, గిరగిరా, వెనుక నుంచి. బాక్స్‌లో సందేమో అని అగరుబత్తులు రెండు ప్యాకెట్లు అయిపోయాయి.

సి_క్యాంప్_కారు
నంబర్ ప్లేటు పట్టుకుని విను.

హంద్రీ_వాసి
అన్నా! నంబర్ ప్లేటే!

సి_క్యాంప్_కారు
వెనుక నాలుగు మూలలా స్పాంజ్ ముక్కలు పెట్టు. డిక్కీ తలుపు లోపల రేకు ఖాళీగా ఉంటుంది, దానికి వణుకు ఆపే బ్యూటైల్ రబ్బరు షీట్ అంటిస్తే మిగతాది కూడా పోతుంది. ఏసీ రైలు పెట్టె తలుపు పడ్డట్టు శబ్దం మారుతుంది.

గుత్తి_గేటు
రాత్రి పది దాటాక ఇంటి సందులో వాయించకు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్సే. నీ సబ్ ఊపిరి తీసుకుంటేనే అది దాటుతుంది.

ఏడు_రోడ్లు (కడప)
అందరికీ నమస్కారం. ఈ చర్చ మొత్తం చదివాను. నాది 10 అంగుళాల సబ్, హ్యాచ్‌బ్యాక్. ఇవే కొలతలకు అన్నీ కాస్త కాస్త తగ్గించి కట్టించుకోవచ్చా? మూలమట్టం అన్న మా ఊరే కదా.

మూలమట్టం
కట్టేది నేనే అయినా కొలతలు నేను చెప్పను. కాస్త కాస్త తగ్గిస్తే ఎక్కడికి పోతుందో నాకే తెలీదు.

హంద్రీ_వాసి
అన్నా, ఇవి నా సబ్‌కు కట్టిన కొలతలు, మీ దానికి పనికిరావు. మీ సబ్ కాగితం మీద ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ రాసి పెట్టండి.

ఏడు_రోడ్లు
కాగితం పోయింది. మ్యాగ్నెట్ మీద స్టిక్కర్ ఉంది, 2800 వాట్స్ అని.

హంద్రీ_వాసి
ఆ స్టిక్కర్ పక్కన సన్న అక్షరాల్లో మోడల్ నంబర్ ఉంటుంది, దాని ఫోటో పెట్టండి. డిక్కీ మూతి కూడా కొలిచి పెట్టండి.

ఏడు_రోడ్లు
రేపు పొద్దున పెడతాను. ఇప్పుడు చీకటి.